ఆగుతుందా, ఆగదా?

2008 డిసెంబరు 31 తెల్లవారేసరికి అమెరికాలో వేలమంది మ్యూజిక్ ప్లేయర్లు మొరాయించాయి. మైక్రోసాఫ్ట్ అమ్మిన జ్యూన్ ప్లేయర్లలో 30 జీబీ మోడల్ అది. ఆన్ చేస్తే లోగో కనిపించేది, అక్కడే బిగుసుకుపోయేది. బటన్లు ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. కంపెనీ చెప్పిన మందు ఒక్కటే: బ్యాటరీ పూర్తిగా అయిపోయేదాకా వదిలేయండి, జనవరి 1న గ్రీనిచ్ కాలమానం ప్రకారం మధ్యాహ్నం దాటాక ఛార్జింగ్ పెట్టి ఆన్ చేయండి. అలా చేసినవాళ్ల ప్లేయర్లు మళ్లీ మామూలుగా పాడాయి.

తప్పు గడియారాన్ని చూసుకునే చిన్న కోడ్ ముక్కలో ఉంది. 1980 జనవరి 1 నుంచి ఎన్ని రోజులు గడిచాయో ఆ లెక్క దాని చేతికి వస్తుంది. అందులోంచి ఏడాదికి 365 చొప్పున, లీపు సంవత్సరమైతే 366 చొప్పున తీసేసుకుంటూ ఇప్పుడు నడుస్తున్నది ఏ సంవత్సరమో తేల్చాలి. మిగిలిన రోజులు 365 కంటే ఎక్కువ ఉన్నంతసేపూ ఈ తీసివేత సాగాలి. 2008 లీపు సంవత్సరం కాబట్టి డిసెంబరు 31 అందులో 366వ రోజు. 366 అంటే 365 కంటే ఎక్కువే, అందుకని తీసివేత మళ్లీ మొదలైంది. లీపు సంవత్సరంలో 366 కంటే ఎక్కువ ఉంటేనే తీసేయమని తర్వాతి వరుస చెప్పింది. ఉన్నవి సరిగ్గా 366. తీయడానికి వీల్లేదు. కోడ్ మళ్లీ మొదటికి వెళ్లింది. అక్కడ మళ్లీ అదే ప్రశ్న, అదే జవాబు. బ్యాటరీ చచ్చేదాకా ఆ ప్లేయర్ చేసిన పని ఇదొక్కటే.

పట్టుమని ఇరవై వరుసలు లేని కోడ్ ఇలా ముంచితే ఎవరికైనా ఒక ఆలోచన వస్తుంది. కోడ్‌లో వ్యాకరణ దోషాలు పట్టే ప్రోగ్రాంలు ఉన్నాయి. వైరస్‌లు పట్టేవీ ఉన్నాయి. ఇలా తిరుగుడులో చిక్కుకుపోయే కోడ్‌ను ముందే పట్టేసే ప్రోగ్రాం ఒకటి రాసుకుంటే పోలా? ఏ ప్రోగ్రాం ఇచ్చినా, దానికి ఏ సమాచారం అందించినా, అది పని ముగించి ఆగుతుందో, ఎప్పటికీ ఆగకుండా తిరుగుతుందో ఖాయంగా చెప్పేయాలి.

దీనికి జవాబు 1936లోనే వచ్చింది. ఇవాళ మనం కంప్యూటర్ అంటున్న యంత్రం అప్పటికి ఇంకా పుట్టనే లేదు. అలాంటి ప్రోగ్రాం రాయడం ఎవరి తరమూ కాదని ఆ ఏడాది గణితపరంగా రుజువైంది. యంత్రాల వేగం ఎన్ని కోట్ల రెట్లు పెరిగినా ఆ రుజువుకు కాలదోషం పట్టదు.

నడిపి చూస్తే తెలిసిపోదా అనిపించవచ్చు. సగమే తెలుస్తుంది. ఆగితే, ఆగిందని తెలుస్తుంది. ఆగకపోతే? గంట చూశాం, రోజు చూశాం, నెల చూశాం. మరో నిమిషంలో ఆగబోతోందేమో, ఎప్పటికీ ఆగదేమో, చూస్తూ కూర్చున్నవాళ్లకు తేడా తెలిసే మార్గం లేదు.

కాగితం మీద చేసి చూడగల ఉదాహరణ ఒకటుంది. ఏదో ఒక సంఖ్య తీసుకోండి. సరిసంఖ్య అయితే సగం చేయండి. బేసి అయితే మూడు రెట్లు చేసి ఒకటి కలపండి. వచ్చినదానికి మళ్లీ అదే పని. 1 రాగానే ఆపేయండి. 26తో మొదలుపెడితే 13, 40, 20, 10, 5, 16, 8, 4, 2, 1. పది అడుగుల్లో అయిపోయింది. పక్కనే ఉన్న 27తో మొదలుపెట్టండి. 82, 41, 124, 62, 31, 94... ఎక్కుతూ దిగుతూ ఒక దశలో 9232 దాకా పోయి, 111 అడుగులు వేశాక గానీ 1కి రాదు. 26కీ 27కీ ఇంత తేడా ఎందుకో పైకి ఏమీ కనిపించదు.

జర్మన్ గణితవేత్త లోథార్ కొలాట్జ్ పేరుతో ప్రచారంలో ఉన్న ఈ లెక్క 1930ల నాటిది. ఏ సంఖ్యతో మొదలుపెట్టినా చివరికి 1కి వస్తుందా అన్నది ప్రశ్న. 21 అంకెల సంఖ్యలన్నిటినీ దాటి 22 అంకెల్లోకి వెళ్లేదాకా కంప్యూటర్లతో పరీక్షించారు. అన్నీ వచ్చాయి. దాదాపు అన్ని సంఖ్యలూ తాము బయలుదేరిన చోటు కంటే ఎంతో కిందికి దిగివస్తాయని 2019లో టెరెన్స్ టావ్ నిరూపించాడు. 'దాదాపు అన్నీ' నుంచి 'అన్నీ' వరకు దారి మాత్రం ఇంకా ఎవరికీ దొరకలేదు. అయిదారు వరుసల్లో హైస్కూలు పిల్లలు రాయగల ఈ ప్రోగ్రాం అన్ని సంఖ్యలకూ ఆగుతుందో లేదో ఇవాళ్టికీ తేలలేదు.

ఇలాంటిదే మరొకటి. 4 మొదలుకొని సరిసంఖ్యలన్నిటినీ వరుసగా తీసుకుని, ఒక్కోటీ రెండు ప్రధాన సంఖ్యల మొత్తంగా రాయడం కుదురుతుందో లేదో చూసే ప్రోగ్రాం అనుకుందాం. కుదరని సంఖ్య ఎదురైతే ఆగిపోవాలి. ఇది ఆగుతుందా అని అడగడమూ, క్రిస్టియన్ గోల్డ్‌బాక్ 1742లో ఆయిలర్‌కు ఉత్తరం రాసి లేవనెత్తిన ప్రసిద్ధ ప్రశ్నను అడగడమూ ఒకటే. అది దాదాపు మూడు శతాబ్దాలుగా తేలని ప్రశ్న. ఆగుతుందో ఆగదో చెప్పే ప్రోగ్రాం మన దగ్గర ఉంటే, దానికి ఈ పది వరుసలూ అప్పగించి జవాబు రాబట్టవచ్చు. గోల్డ్‌బాక్ ఊహ ఒక్కటే ఏమిటి, సంఖ్యల గురించిన ఇలాంటి ఊహలు ఎన్నో ఆ పూటకు తేలిపోతాయి. మనం అడుగుతున్న వరం అంత పెద్దది.

ఆ వరం దొరుకుతుందనే 1920లలో గొప్ప గణితవేత్తలు నమ్మారు. జర్మనీలో గ్యోటింగెన్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ హిల్బర్ట్ 1928లో విల్‌హెల్మ్ ఆకర్‌మాన్‌తో కలిసి ప్రచురించిన తర్కశాస్త్ర గ్రంథంలో 'నిర్ణయ సమస్య'ను ముందుపెట్టాడు. తర్కభాషలో ఏ వాక్యం ఇచ్చినా, అది ఎల్లప్పుడూ చెల్లుతుందో లేదో యాంత్రికంగా తేల్చే పద్ధతి ఏమిటి? 1935లో కేంబ్రిడ్జ్‌లో మాక్స్ న్యూమన్ ఇచ్చిన ఉపన్యాసాల్లో అలన్ ట్యూరింగ్ ఈ సమస్య గురించి విన్నాడు. మరుసటి ఏడాది మే నెలలో అతని పరిశోధన పత్రం లండన్ మ్యాథమెటికల్ సొసైటీకి చేరేనాటికి అతనికి 24 ఇంకా నిండలేదు. ప్రిన్స్‌టన్‌లో అలొంజో చర్చ్ వేరే దారిలో ఇదే ఫలితానికి కొద్దిగా ముందే చేరాడు. కానీ యంత్రాన్ని కళ్లకు కట్టించింది ట్యూరింగ్.

పద్ధతి లేదని రుజువు చేయాలంటే, ముందు పద్ధతి అంటే ఏమిటో కచ్చితంగా చెప్పాలి. కాగితం, పెన్సిలు పట్టుకుని లెక్కలు చేసే మనిషిని ట్యూరింగ్ గమనించాడు. ఆ మనిషి ఒక గడిలో గుర్తు చూస్తాడు, చెరిపి వేరే గుర్తు రాస్తాడు, పక్క గడికి జరుగుతాడు, తర్వాత ఏం చేయాలో మనసులో పెట్టుకుంటాడు (యంత్రం విషయంలో దీన్నే 'స్థితి' అందాం). ఎంత పెద్ద లెక్కయినా ఈ చిన్న పనులే. ఎంత కావాలంటే అంత పొడవుండే టేపు, దాని మీద ఒక్కో గడీ చూసే తల, ఏ స్థితిలో ఏ గుర్తు కనిపిస్తే ఏం చేయాలో చెప్పే నియమాల పట్టిక. ట్యూరింగ్ యంత్రం అంటే ఇంతే. ఆ పైన అతను ఇంకో అడుగు వేశాడు. ఒక యంత్రం నియమాల పట్టికను టేపు మీద రాసి మరో యంత్రానికి ఇస్తే, రెండోది ఆ పట్టిక చదువుకుంటూ మొదటి యంత్రం చేసే పనంతా చేయగలదు. అంటే ప్రోగ్రాం కూడా ఒక రాతే, వేరే ప్రోగ్రాం చదవదగిన సమాచారమే. ఇవాళ ఫోన్‌లోకి దిగే యాప్, నిల్వలో ఫొటో లాగే ఒక ఫైలుగా ఉంటుంది. దాన్ని వైరస్ స్కానర్ చదువుతుంది, ఆపరేటింగ్ సిస్టమ్ నడుపుతుంది.

చిక్కంతా ఇక్కడే పుట్టింది.

మనం కోరుకున్న ప్రోగ్రాం దొరికిందనే అనుకుందాం. దాని పేరు నిర్ణేత. ఏ ప్రోగ్రాం రాతనైనా, దానికి అందించే సమాచారాన్నీ నిర్ణేత చేతికిస్తే 'ఆగుతుంది' అనో 'ఆగదు' అనో చెబుతుంది. ఎప్పుడూ తప్పదు, ఎప్పుడూ తటపటాయించదు. ఇప్పుడు దీన్ని లోపల పెట్టుకుని ఇంకో ప్రోగ్రాం రాద్దాం. దాని పేరు తెడ్డెం, ఎందుకంటే నిర్ణేత ఎడ్డెమంటే ఇది తెడ్డెమంటుంది. తెడ్డెం చేతికి ఒక ప్రోగ్రాం రాత వస్తుంది. 'ఈ ప్రోగ్రాంకు దీని రాతనే సమాచారంగా ఇస్తే ఆగుతుందా?' అని అది నిర్ణేతను అడుగుతుంది. 'ఆగుతుంది' అని జవాబొస్తే తెడ్డెం కావాలనే అంతులేని తిరుగుడులోకి వెళ్లిపోతుంది. 'ఆగదు' అని వస్తే ఆ క్షణమే ఆగిపోతుంది. ఇందులో మాయ ఏమీ లేదు. నిర్ణేత నిజంగా ఉంటే, దానికి నాలుగు వరుసలు కలిపితే తెడ్డెం తయారవుతుంది.

ఇప్పుడు తెడ్డేనికి తెడ్డెం రాతనే అందించండి. అది నిర్ణేతను అడిగేది తన గురించే. నిర్ణేత 'ఆగుతుంది' అంటే తెడ్డెం ఆగకుండా తిరుగుతుంది, నిర్ణేత మాట తప్పు. 'ఆగదు' అంటే తెడ్డెం ఆగిపోతుంది, నిర్ణేత మాట మళ్లీ తప్పు. మూడో జవాబు లేదు. ఎప్పుడూ తప్పని నిర్ణేత ఈ ఒక్కచోట ఏం చెప్పినా తప్పుతుంది. కాబట్టి అలాంటి నిర్ణేత లేదు, ఉండదు.

తెడ్డెం ఒక్కదాన్నీ మినహాయించి, దానికి మాత్రం ప్రత్యేకంగా సరైన జవాబు చెప్పేలా నిర్ణేతను దిద్దితే? దిద్దిన నిర్ణేత వేరే ప్రోగ్రాం. దాన్ని లోపల పెట్టుకుని కొత్త తెడ్డెం రాయవచ్చు. దిద్దిన ప్రతిసారీ ఇంకో తెడ్డెం పుడుతుంది. ట్యూరింగ్ 1936 పత్రంలోని ప్రశ్న సరిగ్గా ఈ మాటల్లో లేదు. యంత్రం అంకెలు రాస్తూ పోతూనే ఉంటుందా, ఎక్కడో చిక్కుకుపోతుందా అని అతను అడిగాడు. 'హాల్టింగ్ ప్రాబ్లెం' అన్న పేరు 1950లలో వాడుకలోకి వచ్చింది. తర్కం మాత్రం అదే.

ఈ ఫలితం ఎంత గట్టిదో అంత తరచుగా అపార్థానికీ గురవుతుంది. 'ఏ ప్రోగ్రాం ఆగుతుందో ఎవరూ చెప్పలేరు' అని ట్యూరింగ్ అనలేదు. 'హలో' అని రాసి ముగించే ప్రోగ్రాం ఆగుతుందని ఎవరైనా చెబుతారు. అన్నిటికీ పనికొచ్చే ఒకే పద్ధతి లేదన్నదే అతను నిరూపించినది. నిజమైన కంప్యూటర్ మెమరీకి హద్దు ఉంది కదా అని కొందరు అడుగుతారు. అదీ న్యాయమైన ప్రశ్నే. హద్దున్న మెమరీలో స్థితులు కూడా లెక్కకు అందేవే, కాబట్టి ఆగని ప్రోగ్రాం ఎప్పుడో ఒకప్పుడు పాత స్థితికి తిరిగి రావాలి, అప్పుడు పట్టేయవచ్చు. సూత్రప్రాయంగా నిజం. కానీ కేవలం ఒక కిలోబైట్ మెమరీకి ఉండగల స్థితుల సంఖ్య రాయాలంటే 2467 అంకెలు కావాలి. ఒక్కో స్థితినీ చూసుకుంటూ పోయే ఓపిక ఈ విశ్వానికే లేదు.

కంప్యూటర్ పుస్తకాల్లో ఎక్కువగా కనిపించని అధ్యాయం ఒకటి ఈ కథలో అన్నిటికంటే విలువైనది. 1949 జూన్‌లో కేంబ్రిడ్జ్‌లో కంప్యూటర్ల మీద సమావేశం జరిగింది. అక్కడ ట్యూరింగ్ చదివిన చిన్న పత్రం, పెద్ద ప్రోగ్రాం సరిగ్గా ఉందో లేదో ఎలా సరిచూసుకోవాలన్నదాని గురించి. గుణకారం వాడకుండా కూడికలతోనే ఫ్యాక్టోరియల్ లెక్కించే ప్రోగ్రాంను అతను ఉదాహరణగా తీసుకున్నాడు. అది ఆగుతుందని చూపడానికి ఒక ఉపాయం చెప్పాడు: ప్రోగ్రాం నడిచేకొద్దీ తప్పనిసరిగా తగ్గుతూ పోయే రాశి ఏదైనా ఉందేమో వెతకండి. ఎన్ని మెట్ల పైనుంచి బయలుదేరినా, ఒక్కో మెట్టూ దిగుతూనే ఉన్నవాడు ఎప్పుడో ఒకప్పుడు నేలకు చేరాల్సిందే. అన్నిటికీ ఒకే పద్ధతి లేదని పదమూడేళ్ల ముందు తేల్చినవాడే, ఒక్కో ప్రోగ్రాంను ఎలా తేల్చాలో దారి చూపించాడు.

జ్యూన్ కోడ్‌ను ఈ కళ్లతో చూడండి. అందులో తగ్గాల్సిన రాశి మిగిలిన రోజుల సంఖ్య. మామూలు సంవత్సరంలో చుట్టు చుట్టుకూ 365 తగ్గుతుంది. లీపు సంవత్సరంలో 366 కంటే ఎక్కువ ఉంటే 366 తగ్గుతుంది. సరిగ్గా 366 ఉంటే ఏమీ తగ్గదు. 'ప్రతి చుట్టులోనూ తగ్గుతుందా?' అని అడిగితే చాలు, తప్పు బయటపడుతుంది. 2000ల మధ్యలో మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు బైరన్ కుక్, ఆండ్రియాస్ పొడెల్‌స్కీ, ఆండ్రే రిబాల్చెంకోలతో కలిసి తయారుచేసిన 'టెర్మినేటర్' అనే సాధనం చేసే పని ఇదే. విండోస్ డ్రైవర్ల కోడ్‌లో తగ్గుతూ పోయే రాశుల కోసం తనంతట తాను వెతుకుతుంది. దొరికితే ఆగుతుందని రుజువు ఇస్తుంది. దొరకనప్పుడు తేల్చలేకపోవడానికీ సిద్ధమే. ట్యూరింగ్ గీసిన గీత లోపల ఉంటూనే ఎంతో సాధించవచ్చని ఇలాంటి సాధనాలు చూపించాయి.

తేల్చలేనిచోట ఇంజినీర్లు గడువు పెడతారు. మీటలు తాకినా ఐదు సెకన్లదాకా యాప్ నుంచి స్పందన లేకపోతే ఆండ్రాయిడ్ ఫోన్ 'యాప్ స్పందించడం లేదు' అని చెప్పి, మూసేస్తారా, వేచి ఉంటారా అని మనల్నే అడుగుతుంది. అది నిజంగా తిరుగుడులో పడిందో, పని ఎక్కువై ఆలస్యమవుతోందో ఫోన్‌కు తెలియదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కోడింగ్ పోటీలకు సిద్ధమయ్యే ఇంజినీరింగ్ విద్యార్థులకు 'టైమ్ లిమిట్ ఎక్సీడెడ్' అన్న తీర్పు బాగా పరిచయం. అదీ ఇలాంటి గడువే. ఈథీరియం బ్లాక్‌చెయిన్‌లో ప్రతి అడుగుకూ 'గ్యాస్' పేరుతో రుసుము కట్టాలి. కట్టినది అయిపోగానే ప్రోగ్రాం ఆగిపోతుంది. లైనక్స్ కెర్నెల్ ఇంకా కఠినం. బయటివాళ్లు రాసిన ఈబీపీఎఫ్ ప్రోగ్రాంలను లోపలికి రానిచ్చే ముందు, ఆగుతాయని తనకు నమ్మకం కుదిరినవాటినే రానిస్తుంది. 2019 వరకు వాటిలో అసలు లూప్‌లనే అనుమతించలేదు. ఆ తర్వాత కూడా ఇన్ని చుట్లకు మించదని ముందే తేలిన లూప్‌లకే చోటు. ఆగే ప్రోగ్రాంలు కొన్ని అన్యాయంగా తిరస్కారానికి గురవుతాయి, కానీ ఆగనిది ఒక్కటీ లోపలికి రాకూడదు. కెర్నెల్ లాంటి చోట ఆ బేరం సబబే.

1936 ఫలితం నుంచి పుట్టుకొచ్చిన 'కుదరదు'లు చాలా ఉన్నాయి. ప్రోగ్రాం రాత చూసి, అది చేసే పని గురించిన ఏ చెప్పుకోదగ్గ లక్షణాన్నీ అన్ని సందర్భాల్లోనూ తేల్చలేమని హెన్రీ రైస్ 1953లో ప్రచురించాడు. ఏ వైరస్‌నూ వదలకుండా, మంచి ప్రోగ్రాంను ఎప్పుడూ అనుమానించకుండా ఉండే యాంటీవైరస్ అసాధ్యమని 1980లలో ఫ్రెడ్ కోహెన్ చూపించాడు. పూర్ణాంకాల్లో సాధన ఉన్న సమీకరణమేదో, లేనిదేదో తేల్చే పద్ధతి కావాలని హిల్బర్ట్ 1900లో అడిగిన పదో ప్రశ్నకూ ఇదే గతి పట్టింది. మార్టిన్ డేవిస్, హిలరీ పట్నమ్, జూలియా రాబిన్సన్‌ల కృషి మీద చివరి ఇటుక పెట్టి, అలాంటి పద్ధతి లేదని 1970లో తేల్చిన యూరీ మతియసేవిచ్‌కు అప్పుడు 22 ఏళ్లు.

మరి తేలేవాటికీ తేలనివాటికీ మధ్య గీత ఎక్కడుంది? 1962లో టిబొర్ రాడో ఒక ఆట రూపంలో ఈ ప్రశ్న వేశాడు. దాని పేరు బిజీ బీవర్. ఖాళీ టేపు మీద, రెండే గుర్తులతో, ఇన్ని స్థితులకు మించని పట్టికతో నడిచే ట్యూరింగ్ యంత్రాల్లో, చివరికి ఆగేవాటిలో అన్నిటికంటే ఎక్కువ అడుగులు వేసేది ఎన్ని వేస్తుంది? ఒక స్థితికి 1, రెండింటికి 6, మూడింటికి 21, నాలుగింటికి 107. అయిదు స్థితులతో రాయగల పట్టికలు 16 లక్షల కోట్లకు పైనే ఉన్నాయి. 1989లో జర్మనీకి చెందిన హైనర్ మార్క్సెన్, యుర్గెన్ బుంట్రాక్ వాటిలో 4,71,76,870 అడుగులు వేసి ఆగే యంత్రాన్ని పట్టుకున్నారు. అంతకంటే ఎక్కువ నడిచి ఆగేది లేదని చెప్పాలంటే, మిగిలిన యంత్రాల్లో అప్పటికీ నడుస్తున్న ప్రతిదీ ఎన్నటికీ ఆగదని రుజువు చేయాలి. నిర్ణేత లేదు గనక ఒక్కో రకం యంత్రానికీ ఒక్కో ఉపాయం కనిపెట్టాలి.

2022లో ట్రిస్టన్ స్టెరిన్ మొదలుపెట్టిన బిజీ బీవర్ ఛాలెంజ్‌లో ఆ పనికి దిగినవాళ్లలో ఎక్కువమంది విశ్వవిద్యాలయాల ఆచార్యులు కారు. ఇష్టంతో చేరిన ప్రోగ్రామర్లు, విద్యార్థులు. వాళ్లను బాగా ఏడిపించిన యంత్రాల్లో 'స్కెలెట్ 1' ఒకటి. బల్గేరియాకు చెందిన గెయోర్గి గెయోర్గియెవ్ 2003లో తేలకుండా మిగిలినవాటి జాబితా తయారుచేశాడు, ఆయన మారుపేరే దానికి వచ్చింది. ఆ యంత్రం చివరికి ఒకే నడకను తిరిగి తిరిగి చేస్తుందని తేలింది. ఆ ఒక్క చుట్టుకే 800 కోట్ల పైచిలుకు అడుగులు. ఆ చుట్టులో పడేముందు అది గజిబిజిగా నడిచే అడుగుల సంఖ్యకు 52 అంకెలు. ఏ కంప్యూటరూ నేరుగా నడిపి చూడలేని దూరం అది. 2024 జులైలో మొత్తం రుజువు పూర్తయినట్టు ప్రకటించారు. అసలు పేరు బయటపెట్టని ఒక సభ్యుడు దాన్ని కాక్ అనే రుజువుల తనిఖీ సాఫ్ట్‌వేర్‌లో రాసిపెట్టాడు. 4,71,76,870 అన్న జవాబే ఖాయమైంది.

ఈ వరుస ఎంతోదూరం పోదని కూడా తెలుసు. ఈనాటి గణితం నిలబడిన మూల సూత్రాలతో ఆగుతుందో లేదో తేల్చడం సాధ్యం కాని యంత్రాన్ని 2016లో ఆడమ్ యెడీడియా, స్కాట్ ఆరన్సన్ దాదాపు 8000 స్థితులతో నిర్మించారు. తర్వాతివాళ్లు దాన్ని 750 స్థితుల లోపుకు కుదించారు. అయిదుకూ ఆ సంఖ్యకూ మధ్య గీత ఎక్కడ పడుతుందో తెలియదు గానీ, ఆరు స్థితుల్లోనే పెద్ద అడ్డంకి ఒకటి ఎదురైంది.

దాని పేరు యాంటీహైడ్రా. 2024లో కంటపడింది. అది చేసే పనిని కాగితం మీదికి తెచ్చుకోవచ్చు. 8తో మొదలుపెట్టి, ప్రతిసారీ ఉన్న సంఖ్యకు అందులో సగం కలపండి, అర మిగిలితే వదిలేయండి. 8, 12, 18, 27, 40, 60, 90, 135, 202, 303... ఇలా పోతుంటే సరిసంఖ్యలు ఎన్ని వచ్చాయో, బేసివి ఎన్ని వచ్చాయో లెక్క పెట్టుకోండి. ఎప్పుడైనా బేసి సంఖ్యల లెక్క సరిసంఖ్యల లెక్కకు రెండు రెట్లు దాటితే యంత్రం ఆగుతుంది. సరి, బేసి నాణెం ఎగరేసినట్టు సగం సగం పడుతున్నాయనుకుంటే అలా దాటే అవకాశం లేనట్టే. కంప్యూటర్లు నడిపి చూసినంతవరకు దాటే సూచన కూడా లేదు. కానీ ఈ వరుసలో సరి, బేసి ఎప్పటికీ అలాగే పడతాయని రుజువు చేసే పరికరం గణితం దగ్గర లేదు. ఆరు స్థితుల బిజీ బీవర్ జవాబు కావాలంటే ముందు ఈ లెక్క తేలాలి.